నాలుగో రోజు

పటం మాటిమాటికీ చుట్టుకుపోతోంది.
ఉప్పు డబ్బా ఓ మూల, లాంతరు ఓ మూల,
కంచరగాడిద పాత నాడా ఇంకో మూల.
నాలుగో మూల ఇలారియోన్ బాబాయి మోచెయ్యి.
ఆయన మాట్లాడినప్పుడల్లా అది లేస్తుంది,
ఉత్తరం వైపు కొండలన్నీ ముడుచుకుపోతాయి.

ఎల్లుండి లీమా నుంచి ఇద్దరొస్తారు.
ఐదు రోజుల నడక, నాలుగు రాత్రులు,
రెండు కంచరగాడిదలు,
రెండు గుడారాలు, అందులో ఒకటి కారుతుంది.
వాళ్ళలో ఒకతనికి మోకాలి చిప్ప అరిగిందట,
ముందు చెప్పలేదు, ఫోను పెట్టేసేముందు నసిగాడు.

పెన్సిల్ చెక్కుకుని అడిగాను:
మొదటి రాత్రి ఎక్కడ?
బాబాయి పటం చూడడు, చూరు చూస్తాడు.
"గడ్డి ఉన్నచోట."
ఎక్కడ?
"తెల్ల బండ దాటాక, గాలి చప్పుడు మారుతుందే, అక్కడ."
నా పటంలో గాలి చప్పుడు లేదు.

పద్నాలుగు కిలోమీటర్లు, అన్నాను.
కోకా ఆకు ఉండ ఆయన నోట్లో
ఈ దవడ నుంచి ఆ దవడకు మారింది.
"మూడు బుగ్గలు," అన్నాడు.
బుగ్గన పెట్టిన ఆకు చప్పబడేదాకా
నడిచినంత దూరం ఒక బుగ్గ.
మా తాతల కొలత.
ఎక్కేటప్పుడు కుదించుకుంటుంది, దిగేటప్పుడు సాగుతుంది.
స్కేలుకి దొరకదు గానీ
చీకటి పడేలోపు నీళ్ళ దగ్గరికి చేరుస్తుంది.

దూరపు కొండలు నునుపంటారు.
కాగితం మీది కొండలు ఇంకా నునుపు.
ఈ గోధుమరంగు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోట
పోయినేడు పలోమా గిట్ట జారింది.
జీను, బియ్యం బస్తా, వంటగిన్నెలు
ఒకదాని వెనక ఒకటి మోగుతూ లోయలోకి పోయాయి.
అది మాత్రం నిలదొక్కుకుని మా వైపు చూసింది,
తప్పు మీదేనన్నట్టు.
ఆ దారిన గీసిన పెన్సిల్ గీత చెరిపేశాను.
నొక్కు మిగిలింది.

లోయ దారి పొడుగు. పైగా కింది ఊరి గేటు దగ్గర
సెనోబియా రసీదు పుస్తకంతో కూర్చుంటుంది.
తలకింతని వసూలు చేస్తుంది, చిల్లర లేదంటుంది,
చిల్లరకి బదులు జున్ను ముక్క చేతిలో పెడుతుంది.
"జున్ను బాగుంటుంది," అన్నాడు బాబాయి.
ఆ వాదనకి నా దగ్గర జవాబు లేదు.
రెండో రోజు జున్ను వైపే ఒంగింది.

మూడో రోజు వేడినీటి ఊట. తగువే లేదు.

నాలుగో రోజు దగ్గర ఆగాం.
ఎర్ర కనుమ అవతల పటంలో మంచు ఉంది,
నీలం చుక్కలతో, అరచెయ్యి మేర.
బాబాయి తలలోనూ ఉంది:
"అంచు పట్టుకుని పోవాలి, తెల్లారకముందే, గట్టిగా ఉన్నప్పుడు."
పటం అచ్చయిన ఏడు నేనింకా పుట్టలేదు.
ఆయన ఆ అంచున చివరిసారి నడిచింది
నాకు పాలపళ్ళు ఊడే రోజుల్లో.

పోయిన నెల నేనొక్కదాన్నే ఎక్కి చూశాను.
మంచు లేదు.
బూడిదరంగు రాళ్ళు, కాలు వేస్తే కదిలే రాళ్ళు,
మధ్యలో పాలు కలిపినట్టు నీళ్ళతో ఒక చెరువు.
దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు.
ఒడ్డున ఒక్క గిట్ట గుర్తూ లేదు.

చెప్పాను.
ఆయన మోచెయ్యి తీసేశాడు. పటం సగం చుట్టుకుంది.
నమలడం ఆగిపోయింది.
"ఎంత పెద్దది?" అన్నాడు చాలాసేపటికి.
చుట్టి రావడానికి ఎన్ని బుగ్గలో నాకు తెలీదన్నాను.
"నాకూ తెలీదు," అన్నాడు.
ఆ కొండల గురించి ఆయన నోట
ఆ మాట నేనెన్నడూ వినలేదు.

నాలుగో రోజు గడి ఖాళీగా వదిలేశాను.
ఐదో రోజు బస్సు రోడ్డు, అది అక్కడే ఉంటుంది.
లాంతరు తీసుకుంటే ఆ మూలా లేచింది.

బయట చీకట్లో బాబాయి
పలోమా డెక్కలు ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాడు.
నేను బంగాళాదుంపలు లెక్కపెట్టాను,
నలుగురికి, ఐదు రోజులకి.
తర్వాత ఇంకో రోజుకి సరిపడా పోశాను.

ఆయన లోపలికొచ్చి మూట ఎత్తి చూశాడు,
కింద పెట్టాడు,
ఇంకో తాడు తెచ్చాడు.